హోమీ భాభా పెట్టిన ఇరవై ఏళ్ల గడువు

వక్తృత్వ పోటీల కాలం వచ్చిందంటే సైన్సు అంశాల్లో ఒకటి తప్పకుండా వినిపిస్తుంది. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమ్మీద జరిపించి కరెంటు తీయడం అయ్యే పనేనా, కాదా? అవునని చెప్పే పిల్లలూ, కాదని చెప్పే పిల్లలూ ఫోన్లో దొరికిన నాలుగు ముక్కలు బట్టీపట్టి వచ్చేస్తారు. ఈ ప్రశ్నను ప్రపంచ దేశాలన్నీ కూర్చున్న సభలో బాహాటంగా లేవనెత్తింది మన దేశస్థుడేనని మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు హోమీ జహంగీర్ భాభా. పేరు వినని వాళ్లు ఉండరు, జీవితం తెలిసినవాళ్లు తక్కువ. అక్టోబరు 30 ఆయన పుట్టినరోజు కాబట్టి ఈసారి ఆయన గురించి చెప్పుకుందాం. తల్లిదండ్రులు కూడా చదవండి, మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఇందులో ఉంది.

ముందు ఆ సభ సంగతి. 1955 ఆగస్టు. స్విట్జర్లాండులోని జెనీవా నగరం. అణుశక్తిని శాంతి పనులకు వాడుకోవడం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన మొదటి మహాసభ. 73 దేశాలవాళ్లు వచ్చారు. అమెరికా, రష్యా ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజులవి. అలాంటి సభకు అధ్యక్షుడిగా ఎన్నుకున్నది స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లయిన ఒక పేద దేశపు శాస్త్రవేత్తని. భాభాకు అప్పుడు 45 ఏళ్లు. మన తిరుత్తణి ఆ రోజు ఏ రాష్ట్రంలో ఉందో తెలుసా? ఆంధ్ర రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో. మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960 ఏప్రిల్ 1న. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభనాటికి దేశానికి ఉపరాష్ట్రపతి. కాలం ఎక్కడ ఉందో అర్థం కావడానికి చెబుతున్నాను, అంతే.

అధ్యక్షోపన్యాసంలో భాభా చెప్పిన విషయం ఇది. బొగ్గు, చమురు ఎన్నాళ్లో ఉండవు. వెనకబడిన దేశాలన్నీ పైకి రావాలంటే ఇప్పుడున్నదానికి ఎన్నో రెట్ల శక్తి కావాలి. యురేనియం లాంటి బరువైన పరమాణువులను చీల్చి తీసే శక్తి కొంతకాలం ఆదుకుంటుంది. ఆ తరువాత హైడ్రోజన్ లాంటి తేలిక పరమాణువులను కలిపి శక్తి తీసే పద్ధతి వస్తుంది. ఆ పద్ధతి మరో ఇరవై ఏళ్లలో దొరుకుతుందని ఆయన జోస్యం చెప్పారు. అది దొరికిన నాడు సముద్రాల్లో భార హైడ్రోజన్ ఉన్నన్నాళ్లూ మనిషికి ఇంధనం కరువు ఉండదన్నారు.

సభలో కలకలం రేగింది. ఎందుకంటే అమెరికా, బ్రిటన్, రష్యా మూడూ అప్పటికే ఈ పని మీద పరిశోధనలు చేస్తున్నాయి, కానీ పైకి చెప్పడం లేదు. రహస్యం. అధ్యక్షుడే నోరు విప్పేసరికి పత్రికలవాళ్లు చుట్టుముట్టారు. తమ దేశంలోనూ ఆ పరిశోధన సాగుతోందని అమెరికా అణుశక్తి సంఘం అధ్యక్షుడు లూయిస్ స్ట్రాస్ ఒప్పుకోక తప్పలేదు. మరుసటి ఏడు రష్యా శాస్త్రవేత్త కుర్చాతోవ్ ఇంగ్లండులోని హార్వెల్‌కు వెళ్లి తమవాళ్లు చేసిన ప్రయోగాలు చెప్పేశారు. 1958లో అదే జెనీవాలో రెండో మహాసభ జరిగేనాటికి మూడు దేశాలూ రహస్యపు తలుపులు తెరిచాయి. ఒకరి దగ్గర ఒకరు దాచుకుని చేసిన పని ఇక అందరి పనైంది. భాభా గడువు తప్పిందని చెప్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

గడువు తప్పిన మాట మాత్రం నిజమే. ఇరవై ఏళ్లంటే 1975. 1975లోనూ కాలేదు, ఇవాళ్టికీ సంలీనంతో ఒక్క బల్బుకు కరెంటు ఇచ్చే కేంద్రం ఈ భూమ్మీద లేదు. అలాగని ఆయన గాలిలో మాట విసిరారనుకోకండి. అది తెలియాలంటే మనిషి కథ మొదటినుంచీ చూడాలి.

1909లో బొంబాయిలో, బాగా ఉన్న పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి జహంగీర్ న్యాయవాది. మేనత్తను టాటాల ఇంటికి, దొరాబ్జీ టాటాకు ఇచ్చారు. ఇల్లంతా పుస్తకాలు, బొమ్మలు, పాశ్చాత్య సంగీతపు రికార్డులు. కుర్రాడు కేంబ్రిడ్జిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది పెద్దల ఆలోచన. 1927లో అలాగే పంపారు. అక్కడికెళ్లిన ఏడాదికే కుర్రాడికి మనసు మారింది. తనకు భౌతికశాస్త్రం తప్ప మరొకటి వద్దని, పెద్ద కంపెనీలో పెద్ద మనిషి కావాలన్న కోరిక తనకు లేదని తండ్రికి ఉత్తరం రాశారు. మన ఇళ్లలో అయితే ఏం జరిగేదో తల్లిదండ్రులకే వదిలేస్తున్నాను! జహంగీర్ గారు కోప్పడలేదు, లొంగిపోనూ లేదు. ముందు ఇంజనీరింగులో ఫస్ట్ క్లాసు తెచ్చుకో, తరువాత గణితం చదువుకోవడానికి డబ్బు నేనే కడతాను అని బేరం పెట్టారు. 1930లో కొడుకు ఫస్ట్ క్లాసు తెచ్చాడు. తండ్రి మాట నిలబెట్టుకున్నారు. ఆ ఇంజనీరింగు చదువు వృథా పోలేదు. తరువాత రియాక్టర్లు కట్టించేటప్పుడు ఇటుకా, ఇనుమూ తెలిసిన సిద్ధాంతవేత్తగా అదే ఆయనకు అక్కరకొచ్చింది.

కేంబ్రిడ్జిలో ఆయన చేసిన సైన్సు పని ఇక్కడ విడమరచడం కష్టం. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టారు. ఆ లెక్కకు ఇవాళ్టికీ ఆయన పేరే ఉంది. ఆకాశంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలోకి దిగి జల్లులా ఎలా విస్తరిస్తాయో హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1937లో వివరించారు. 1939లో సెలవులకు ఇంటికొచ్చారు. యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి లేక బెంగుళూరులో, సి.వి.రామన్ ఉన్న విజ్ఞాన సంస్థలో చేరారు. అక్కడ ఉండగా, 1941లో, రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జికి పోయి హాయిగా ఉండొచ్చు. పోలేదు.

1944 మార్చిలో టాటా ట్రస్టుకు ఒక ఉత్తరం రాశారు. ఈ దేశంలో మొదటి తరగతి భౌతికశాస్త్ర పరిశోధనాలయం కావాలి, ఇరవై ఏళ్లలోనో ఏమో అణుశక్తితో కరెంటు తీసే రోజు వచ్చినప్పుడు నిపుణుల కోసం మనం బయటి దేశాల గుమ్మాలు తొక్కకుండా ఉండాలి అన్నది అందులో సారాంశం. తేదీ గమనించండి. హిరోషిమా మీద బాంబు పడింది 1945 ఆగస్టులో. అంతకు ఏడాదిన్నర ముందే ఈ మాట. ఆ ఉత్తరం వల్లే 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పుట్టింది.

ఇరవై ఏళ్లు అనడం ఆయనకు అది మొదటిసారి. ఆ మొదటిసారి ఆయన గెలిచారు, గడువుకు ముందే గెలిచారు. 1954లో రష్యాలో ఒబ్నిన్‌స్క్ దగ్గర, 1956లో ఇంగ్లండులో కాల్డర్ హాల్ దగ్గర అణుకరెంటు వచ్చేసింది. పరమాణువును చీల్చే గొలుసు చర్యను మొదటిసారి జరిపింది 1942లో, కరెంటు తీసింది 1954లో, మధ్యలో పన్నెండేళ్లు. అదే లెక్కన సంలీనం బాంబుగా 1952లో పేలింది కాబట్టి, అదుపులో పెట్టి కరెంటు తీయడానికి ఇరవై ఏళ్లు చాలుననుకోవడం ఆ రోజుకు అత్యాశేమీ కాదు. ఒకసారి నిజమైన కొలబద్దనే రెండోసారీ వాడారు. పని స్వభావమే వేరని తేలింది.

తేడా ఏమిటో పిల్లలకు చెప్పాలి. చీల్చడానికి న్యూట్రాన్ చాలు. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, పరమాణు కేంద్రకంలోకి ఎవరూ అడ్డు చెప్పకుండా దూరిపోతుంది. కలపడం అలా కాదు. రెండు కేంద్రకాలూ ధనావేశం ఉన్నవే, ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ తోపుడును మించి దగ్గరికి రావాలంటే విపరీతమైన వేగం, అంటే విపరీతమైన వేడి కావాలి. సూర్యుడి నడిబొడ్డులో ఒకటిన్నర కోటి డిగ్రీలు ఉంటుంది. సూర్యుడికి బరువు ఉంది కాబట్టి ఆ వేడితో సరిపెట్టుకుంటాడు. మనకు ఆ బరువు లేదు. ఇక్కడ 15 కోట్ల డిగ్రీలు కావాలి. ఆ వేడిని పట్టే గిన్నె ఏ లోహంతోనూ చేయలేం. అందుకే అయస్కాంతాలతో కంటికి కనపడని గిన్నె చేసి, వేడి వాయువును, అంటే ప్లాస్మాను, గోడకు తగలకుండా నిలబెట్టాలి. అది జారిపోతూ, మెలికలు తిరుగుతూ ఉంటుంది. గడువు తినేసిన దొంగ అదే.

మరి ఇంధనం? ఇక్కడ మన ఊరి లెక్క ఒకటి వేద్దాం. పూండి జలాశయం నిండితే 3,231 మిలియన్ ఘనపుటడుగుల నీళ్లు. ఘనపు మీటర్లలో తొమ్మిది కోట్లకు పైన. ఒక్కో ఘనపు మీటరు నీటిలో భార హైడ్రోజన్, అంటే డ్యూటీరియం, ముప్పై గ్రాముల చిల్లర ఉంటుంది. గుణించి చూడండి, రెండున్నర వేల టన్నుల పైమాటే. కండలేరు నుంచి ఊత్తుకోట మీదుగా మనకొచ్చే కృష్ణా నీళ్లలోనూ అది ఉంది, మీ ఇంటి బిందెలోనూ ఉంది. ఒక లీటరు నీటిలోని డ్యూటీరియాన్ని పూర్తిగా సంలీనం చేయగలిగితే దాదాపు మూడు వందల లీటర్ల పెట్రోలంత శక్తి. భాభాను ఊరించింది ఈ లెక్కే. మన జిల్లాలోనే వల్లూరు థర్మల్ స్టేషను 1,500 మెగావాట్లకు ఓడల్లో వచ్చే బొగ్గును రోజుకు వేల టన్నులు కాల్చి బూడిద మిగులుస్తోంది. మీంజూరు, అత్తిపట్టు వైపు చుట్టాలున్నవాళ్లకు ఆ బూడిద సంగతి నేను చెప్పక్కర్లేదు.

కాదని వాదించే పిల్లలు మాత్రం ఇక్కడే ఒక ప్రశ్న వేయవచ్చు. డ్యూటీరియం ఒక్కటే కలవాలంటే వేడి ఇంకా ఎక్కువ కావాలి. అందుకని ఇప్పుడు అందరూ డ్యూటీరియంతో ట్రిటియాన్ని కలుపుతున్నారు. ఆ ట్రిటియం పన్నెండేళ్లకు సగం తరిగిపోతుంది, ప్రకృతిలో దాదాపు దొరకదు, లిథియం నుంచి అక్కడికక్కడే తయారుచేసుకోవాలి. పైగా పుట్టే శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్లు మోసుకుపోయి గోడలను దెబ్బతీస్తాయి. అంటే నీళ్లు ఉచితమే గానీ పొయ్యి ఉచితం కాదు.

భాభాను ఆ రోజుల్లోనే నిలదీసినవాళ్లు ఉన్నారు. మేఘనాథ్ సాహా గారు ఒకరు. వేడికి నక్షత్రాల్లోని వాయువులు ఎలా అయనీకరణం చెందుతాయో 1920లోనే సూత్రం చెప్పిన మహానుభావుడు. అంటే ప్లాస్మా గురించి ఆయనకు తెలిసినంత ఈ దేశంలో ఎవరికీ తెలియదు. ముందు విశ్వవిద్యాలయాల్లో మనుషులను తయారుచేయండి, పరిశ్రమలు పెంచండి, అణుశక్తి పని గుట్టుగా ఒకచోట పోగేయకండి అని ఆయన వాదన. పార్లమెంటులోనూ అదే మాట. మరొకరు డి.డి.కోశాంబి. ఈయన భాభా సంస్థలోనే గణితశాస్త్రవేత్త. ఇంత ఎండ కాసే దేశానికి అణుశక్తి ఎందుకు, సూర్యరశ్మినే పట్టుకోండి అని పట్టుబట్టారు. 1962లో ఆయన ఉద్యోగ ఒప్పందాన్ని సంస్థ పొడిగించలేదు. భాభా గొప్పతనం చెప్పేటప్పుడు ఇది దాచకూడదు. ఇవాళ మేడల మీద సోలార్ పలకలు చూస్తుంటే కోశాంబి మాటకు బలం పెరిగిందనే అనిపిస్తుంది. సూర్యుడూ సంలీన కొలిమే కదా, కాకపోతే పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన కట్టి ఉంది.

లెక్కలు పెద్దవిగా వేయడం భాభాకు అలవాటు. 1987 నాటికి దేశంలో అణుకరెంటు దాదాపు 20,000 మెగావాట్లు ఉంటుందని అంచనా కట్టారు. ఆ ఏడు నిజంగా ఉన్నది వెయ్యి మెగావాట్ల చుట్టుపక్కలే. అయితే అంచనాలు తప్పినా ఆయన నిలబెట్టిన మనుషులు తప్పలేదు. 1948లో అణుశక్తి సంఘం, 1954లో ట్రాంబే, 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది, కట్టింది మనవాళ్లు. దాని నియంత్రణ పరికరాలు తయారుచేసిన జట్టుకు పెద్ద ఒక తెలుగువారు, పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ అని వింటుంటారే, ఆ రావుగారే. ఇ.సి.ఐ.ఎల్ మొదలుపెట్టింది ఆయనే. భాభా ఆయనకు పని అప్పగించి, బయటినుంచి కొనడం మానేసి ఇక్కడే చేయించారు. కల్పాక్కం మొదటి రియాక్టరు 1983లో పనిలోకి దిగిందంటే వెనక ఇలాంటి చేతులున్నాయి.

భాభా పెళ్లి చేసుకోలేదు. బొమ్మలు గీసేవారు, ఇతరుల బొమ్మలు కొని సంస్థ గోడలకు పెట్టించేవారు. కట్టడానికి అడ్డం వచ్చిన పెద్ద చెట్లను నరకనివ్వకుండా వేళ్లతో సహా తవ్వించి వేరేచోట నాటించేవారు. ఖర్చెంతయినా సరే అనే మనిషి. ఉన్నింటి బిడ్డ అలవాటు అనుకోవచ్చు. కానీ ఆ చెట్లు బతికాయి.

1966 జనవరి 24. వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి బయలుదేరారు. ఎయిర్ ఇండియా విమానం కాంచన్‌జంగా. అది జెనీవాలో దిగబోతూ ఆల్ప్స్ పర్వతాల్లోని మో బ్లాంక్ శిఖరానికి కొట్టుకుంది. 117 మందీ పోయారు. ఆ పొద్దే ఢిల్లీలో ఇందిరా గాంధీ ప్రధానిగా ప్రమాణం చేశారు, చేయించింది రాష్ట్రపతిగా ఉన్న మన రాధాకృష్ణన్ గారు. కుట్ర అని మీరు చాలా వీడియోలు చూసి ఉంటారు. విమానంలో ఒక దిక్సూచి పరికరం పనిచేయక, తాము శిఖరం దాటేశామని పైలట్ పొరబడ్డాడని విచారణలో తేలింది. వాదపోటీలో ఆ పుకార్ల జోలికి పోకండి, మార్కులు పోతాయి. 2020 జులైలో అక్కడి మంచునది కరిగి, ఆ విమానంలోని మన దేశపు దినపత్రికలు బయటపడ్డాయి. ఇందిర గారి ఎన్నిక వార్త ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

అదే ఫ్రాన్సులో, ఆ నెలలోనే, ఇటర్ అనే సంలీన యంత్రాన్ని కూర్చే పని లాంఛనంగా మొదలైంది. మన దేశంతో కలిపి ఏడు భాగస్వాములు. యంత్రాన్ని మొత్తం లోపల పెట్టుకునే శీతల పాత్ర, ముప్పై మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు, గుజరాత్‌లోని హజీరాలో ముక్కలుగా చేసి పంపాం. దేశంలో ఈ పరిశోధన గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధనా సంస్థలో సాగుతోంది. వాళ్ల ఆదిత్య యంత్రం 1989లో మొదలైంది. భాభా పోయిన ఇరవైమూడేళ్లకు, ఆయన పెట్టిన గడువు దాటిన పద్నాలుగేళ్లకు.

పోటీలో చెప్పడానికి రెండు అంకెలు రాసుకోండి. అమెరికాలో 2022 డిసెంబరు 5న లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పంపి 3.15 మెగాజౌళ్లు రాబట్టారు. ఇది అవునని వాదించేవాళ్లకు. ఆ లేజర్లు వెలగడానికి తీగల నుంచి లాగిన కరెంటు దాదాపు 300 మెగాజౌళ్లు. ఇది కాదని వాదించేవాళ్లకు. ఒకే ప్రయోగం, రెండూ నిజాలే. ఎవరైనా గొప్పగా సాధించేశామని ప్రకటిస్తే కాస్త ఆగడం మంచిదని చరిత్ర చెబుతుంది. 1951లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్ అలాగే ప్రకటించి నవ్వులపాలయ్యారు. 1958లో ఇంగ్లండులో జీటా యంత్రం గురించి పత్రికలు పండగ చేశాయి, నాలుగు నెలలకే ఆ న్యూట్రాన్లు అసలైనవి కావని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. భాభా ప్రకటన ఆ కోవలోది కాదు. చేశామని ఆయన అనలేదు, చేస్తామన్నారు.

ఇటర్ ఇప్పుడు చెబుతున్న కాలపట్టిక ప్రకారం పరిశోధన మొదలయ్యేది 2034లో. డ్యూటీరియం, ట్రిటియం కలిపి అసలు మంట పెట్టేది 2039లో. అదీ కరెంటు కోసం కాదు, పెట్టినదానికి పదిరెట్లు వేడి వస్తుందో లేదో చూడటానికి. ఇప్పుడు మన బడిలో ఆరో తరగతి చదువుతున్న పిల్లకు అప్పటికి పాతికేళ్లు.